రెండు రేవుల దూరం

రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదుకు విమానంలో గంట ప్రయాణం. మధురపూడి విమానాశ్రయానికీ శంషాబాదుకూ మధ్య ఆకాశమార్గాన సుమారు 360 కిలోమీటర్లు. మా కోనసీమలో ఇప్పుడీ లెక్క అందరి నోటా వినబడుతోంది. పెళ్ళిసంబంధం మాట్లాడుకునేవారు కూడా "ఎంత దూరమండీ, గంటలో వచ్చి వాలిపోరూ!" అంటున్నారు. అనేవారిలో చాలామంది విమానం ఎక్కి వుండరు. అయినా ఆ గంట వారి లెక్కల్లో చేరిపోయింది.

అమలాపురంలో బయలుదేరే మనిషికి ఆ గంట ఎంతవుతుందో చూద్దాం. మధురపూడికి సుమారు 80 కిలోమీటర్లు. రావులపాలెం కూడలి దాటి వెళ్ళాలి గనక రెండు గంటలు. విమానం లేచే వేళకు గంటన్నర ముందే అక్కడ కూర్చోవాలి. శంషాబాదులో దిగి, సామాను తీసుకుని నగరంలోకి వెళ్ళడానికి మరో గంటో గంటన్నరో. మొత్తం ఆరుగంటలు. అందులో గాలిలో వున్నది ఒక్క గంట, తక్కినదంతా నేల. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగిపోతాడు. టిక్కెట్టు ధరలో తేడా సరేసరి. విమానం వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. దూరం అనేది రెండు వూళ్ళ మధ్య ప్రకృతి పరిచిపెట్టిన కొలత అనీ, యంత్రం వచ్చి దానిని కుదించిందనీ మనం నమ్ముతున్నాం. మా సీమ చరిత్రను కొంచెం తడిమి చూసినా ఈ నమ్మకం నిలవదు.

రాజోలు తాలూకాలో కాపురానికి వచ్చిన మా అమ్మమ్మ పుట్టిల్లు గౌతమికి ఆవల, రామచంద్రపురం వైపు. ఆమెకు మైళ్ళూ తెలియవు, కిలోమీటర్లూ తెలియవు. పుట్టిల్లెంత దూరమని అడిగితే "రెండు రేవులు దాటాలి" అనేది. ఒకటి బోడసకుర్రు దగ్గర వైనతేయ. రెండవది కోటిపల్లి దగ్గర గౌతమి. రెండు రేవులంటే ఒక పూట కావచ్చు, ఒక రోజు కావచ్చు. ఎర్రనీరు వస్తే పదిరోజులూ కావచ్చు. ఆ కొలతలో భూగోళమూ వుంది, ఋతువూ వుంది, చేతిలో కేవు డబ్బులు వున్నాయా లేవా అన్నదీ వుంది. దూరానికి ఇంతకంటే నిజాయితీగల నిర్వచనం నేను చదువుకున్న పుస్తకాల్లో కనబడలేదు.

పూర్వులు ఆమడ అనేవారు. ఆమడంటే నాలుగు క్రోసులు, దాదాపు ఎనిమిది మైళ్ళు. ఎన్ని ఆమడలైనా చివరకు లెక్క తేలేది మజిలీలలోనే. చెన్నపట్నంలో 1830 మే 18న బయలుదేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రను మజిలీ మజిలీగా రాసిపెట్టాడు. తిరుగుదారిలో కోస్తా మీదుగా, మన గోదావరి దాటుకునే వెళ్ళాడు. 1838లో అచ్చయిన ఆ గ్రంథాన్ని మనం యాత్రాసాహిత్యమని పాఠం చెబుతాం, చెప్పవలసిందే. కాని ఆయన పల్లకీలో వెళ్ళాడు. ఆ పదిహేనున్నర నెలల దూరాన్ని కాళ్ళతో కొలిచినవారు బోయీలు. దూరం ఎవరు ప్రయాణించారన్న ప్రశ్నకూ, దూరం ఎవరు నడిచారన్న ప్రశ్నకూ సమాధానం ఒకటి కాకపోవడం అక్కడితో ఆగిపోలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1832-33 నాటి గుంటూరు కరువూ, కోరింగను ముంచెత్తిన 1839 నాటి ఉప్పెనా గోదావరి, కృష్ణా మండలాలను పీల్చి పిప్పిచేసిన తర్వాత జరిగిన పని అది. కాటన్ దొరకు మా వూళ్ళలో విగ్రహాలున్నాయి. పితృతర్పణాల్లో ఆయన పేరు చెప్పుకున్నవారూ వున్నారంటారు. ఆయన మేలును తక్కువచేసి చూపవలసిన అవసరం లేదు. అయితే కంపెనీ సర్కారు ఆ ఖర్చుకు ఒప్పుకోవడానికి కారణం దయ అనుకోవడం అమాయకత్వం. నీరు పారితే శిస్తు పెరుగుతుంది. ఆ లెక్క కుదిరింది గనకనే ఆనకట్ట లేచింది.

ఇక్కడ మన చరిత్రకారులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కాటన్ కాలువలు తవ్వింది పొలాలకు మాత్రమే అనుకోకూడదు. ఆయన దృష్టిలో కాలువే రహదారి. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్యడెల్టా కాలువలకు లాకులు కట్టించింది పడవల కోసం. అటు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ ఒకదానితో ఒకటి కలిసి కాకినాడ నుంచి చెన్నపట్నం దాకా నీటిదారి ఏర్పడింది. ఈ దేశానికి రైలుకంటే కాలువ చవక అని కాటన్ జీవితమంతా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. రైలు కంపెనీలకు పెట్టుబడి మీద నూటికి ఐదు చొప్పున లాభం సర్కారే పూచీపడింది. నష్టం వస్తే భారతీయుల పన్నుల్లోంచి పూడ్చింది. బ్రిటిష్ ఇనుముకూ, ఇంజనుకూ, లండన్ వాటాదారుకూ కాలువలో ఏముంది గనక? ఏ దారి వేయాలో నిర్ణయించేది ప్రయాణికుడు కాదన్న సంగతి ఆనాడే తేలింది.

గూటిపడవ ప్రయాణాన్ని గురించి పాతతరంవారు మురిసిపోతూ చెబుతారు. సాయంత్రం లాకుల దగ్గర ఎక్కి, అన్నాలు తిని, చాపలమీద పడుకుంటే తెల్లవారేసరికి వూరు. రెండువైపులా కొబ్బరిచెట్లు, వెన్నెల, పడవ కింద నీటి చప్పుడు. అన్నీ నిజమే. గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని రాత్రంతా ముందుకు వంగి నడిచేవారు. వారి నడకే పడవ వేగం. గంటకు రెండు మైళ్ళో మూడు మైళ్ళో. పల్లకీ మోసిన భుజానికీ తాడు లాగిన భుజానికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. తాడు లాగినవాడు వెన్నెలను గురించి రాసివుంటే మన సాహిత్యంలో ఆ వెన్నెల ఎలా వుండేదో!

గన్నవరం అక్విడక్టు సంగతి మరీ విచిత్రం. వైనతేయ మీదుగా కాలువ నీటిని అవతలి నగరం లంకకు దాటించడానికి 1850లలోనే, ఆనకట్ట పూర్తయిన కొద్ది కాలానికే, 49 కమానులతో దానిని కట్టారు. నది మీద నది. అంటే శిస్తు తెచ్చిపెట్టే నీటికి వంతెన దొరికింది. బోడసకుర్రు దగ్గర బస్సు దాటే వంతెన వచ్చేసరికి ఆ తర్వాత ఒక శతాబ్దం గడిచి పైన మరికొన్ని దశాబ్దాలు పట్టింది. పాత అక్విడక్టు పక్కనే 2000 ప్రాంతంలో కొత్తది కట్టి, లంకలగన్నవరంలో దారినపోయే వారందరికీ అన్నంపెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మంచి పనే. ఆ తల్లి ఇంటికి అంతమంది బాటసారులు ఎందుకు చేరుకున్నారో కూడా ఆలోచించాలి. రేవు దగ్గర చీకటిపడితే మనిషి ఎక్కడికి పోతాడు?

చెన్నపట్నాన్నీ కలకత్తానూ కలిపే రైలుదారి 1893లో మన ప్రాంతానికి వచ్చింది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా రైలు ప్రయాణికుడు కూడా పడవ ఎక్కవలసినవాడే. ఆ తర్వాత కలకత్తా దగ్గరపడింది, అమలాపురం ఎక్కడున్నది అక్కడే వుంది. 1928లో నిడదవోలు నుంచి నరసాపురం దాకా రైలు వేశారు. అదే సంవత్సరం కాకినాడ నుంచి కోటిపల్లి దాకా మరొకటి, 45 కిలోమీటర్లు. పటం ముందు పెట్టుకుని చూడండి. పడమట వసిష్ఠ ఒడ్డున ఒక పట్టా ఆగింది. తూర్పున గౌతమి ఒడ్డున మరొక పట్టా ఆగింది. నడుమ కోనసీమ. ఇటువైపూ అటువైపూ రైలు కూత వినబడుతుంది గాని ఎక్కాలంటే నది దాటాలి. పండిన ధాన్యమూ కొబ్బరీ రేవు దాకా రైతే తెచ్చుకుంటాడు గదా, వంతెన ఖర్చు మనకెందుకన్నట్టుంది ఆ ఏర్పాటు.

కోటిపల్లి పట్టా కూడా నిలవలేదు. 1940లో, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఆ ఇనుము ఊడదీసి తీసుకుపోయారు. హిట్లరుతో యుద్ధమెక్కడ, ద్రాక్షారామం రైలు ఎక్కడ! పన్నెండేళ్ళు దగ్గరైన వూళ్ళు మళ్ళీ దూరమయ్యాయి. ఆ పట్టా తిరిగి వేసి రైలు నడిపింది 2004లో. కోటిపల్లి నుంచి నరసాపురానికి, అంటే మూడు పాయలూ దాటుకుంటూ కోనసీమ నడుమగా, 57 కిలోమీటర్ల మార్గం 2000-01లో మంజూరైంది. పాతికేళ్ళయింది. గౌతమిలో స్తంభాలు లేచాయి. రైలు ఇంకా రాలేదు.

యానాం గురించి చెప్పకపోతే దూరం కథ సగమే అవుతుంది. ఎదుర్లంక రేవులో పడవెక్కి దిగితే 1954 దాకా అది ఫ్రెంచివారి గడ్డ. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలను నిషేధించాక, చుట్టుపక్కల పెద్దలు ముక్కుపచ్చలారని పిల్లలను పడవల్లో యానాం తీసుకుపోయి పెళ్ళిళ్ళు చేసేవారు. ఆ ధర్మమా అని దానికి కల్యాణపురమని పేరు కూడా వచ్చింది. ఒక కేవు ఇస్తే చట్టం దాటిపోవచ్చునన్నమాట. రేవు దాటించిన పుణ్యమంతా మంచిదే అనుకోకూడదు.

కోరింగ రేవుదీ పెద్ద కథే. బర్మాలో తెలుగు కూలీలకు 'కోరింగీలు' అని పేరు పడిపోయింది. కాకినాడనుంచి స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో రంగూను. గోదావరి జిల్లాల పేదవాడికి చెన్నపట్నంకంటే రంగూనే తెలిసిన వూరు. కూలి వున్నచోటే దగ్గర. అక్కడి రేవులో బరువులెత్తిన మనవాళ్ళకూ, అదే బరువు కోసం ఎదురుచూసిన బర్మా కూలీలకూ 1930 మే నెలలో ఘర్షణ జరిగి రక్తం ఏరులైంది. ఇద్దరినీ చవకగా కొన్న ఓడల కంపెనీలవారి మీద మాత్రం రాయి పడలేదు. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకున్నాక, ఓడలో చోటు దొరకనివాళ్ళు అరకాను కొండలూ అస్సాం అడవులూ పట్టి నడిచారు. వెళ్ళేటప్పుడు కొద్దిరోజుల దూరం. వచ్చేటప్పుడు వారాలు, నెలలు. చాలామందికి ఆ దూరం తీరనేలేదు.

సరిగ్గా ఆ యుద్ధకాలపు వాతావరణంలోనే ఈ దేశంలో ఆకాశయానమూ బలపడింది. టాటావారి తపాలా విమానం కరాచీ నుంచి బయలుదేరింది 1932లో. మధురపూడి విమానాశ్రయమూ బ్రిటిషువారి నాటిదే. 1980లలో అక్కడినుంచి వాయుదూత్ చిన్న విమానాలు కొంతకాలం నడిచి, ఆగిపోయాయి. 2007నుంచి మళ్ళీ రాకపోకలు. 2012లో కొత్త భవనం. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగే రెండు పంకాల విమానం గంటకు 500 కిలోమీటర్లు పోగలదు. మా అమ్మమ్మ రెండు రేవులనూ అది మూడు నాలుగు నిమిషాల్లో దాటేస్తుంది. కాని అది గోదావరి జిల్లాలో లేచి కోనసీమను చూడకుండానే పడమటికి పోతుంది.

మా సీమ ఆకాశంలో మరొక చప్పుడు వుంది. సముద్రంలో చమురుబావుల దగ్గరికి పోయే హెలికాప్టర్లది. పాశర్లపూడిలో 1995 జనవరి 8న లేచిన మంట 65 రోజులు ఆరలేదు. ఇక్కడి గ్యాసు తాటిపాక నుంచి గొట్టాల్లో నదులు దాటి విజయవాడ పక్కన కరెంటు తయారుచేసే చోటికి చేరింది. గ్యాసుకు పంటుతో పనిలేదు, వరదతో పనిలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో ఆ గొట్టం పగిలి, నిద్రలో వున్నవారు నిద్రలోనే కాలిపోయారు. నూటయాభై ఏళ్ళ కిందట నీటికి, ఇప్పుడు గ్యాసుకు. మా వూళ్ళమీదుగా పోయేవాటికి ఎప్పుడూ మనుషులకంటే ముందే దారి దొరుకుతోంది.

ఎదుర్లంకలో, ఆ రేవు ఒడ్డునే, 1951లో ఒక దళిత వ్యవసాయ కుటుంబంలో గంటి మోహనచంద్ర బాలయోగి పుట్టారు. 1998లో లోక్‌సభకు స్పీకరయ్యారు. ఆ పీఠం ఎక్కిన మొదటి దళితుడు. యానాం–ఎదుర్లంక వంతెనకూ, కోటిపల్లి రైలుకూ వెంటపడి తిరిగినవారు. 2002 మార్చి 3న ఆయన భీమవరం నుంచి హైదరాబాదుకు ఎక్కిన హెలికాప్టరు కృష్ణాజిల్లా కొవ్వాడలంక దగ్గర చేపలచెరువులో కూలిపోయింది. ఆ సంవత్సరమే తెరిచిన వంతెనకు ఆయన పేరు పెట్టారు. రేవులో పుట్టినవాడు ఆకాశంలో పోయాడని వేదాంతం చెప్పేవారిని చూశాను. నాకది నచ్చదు. ఆ వంతెనవల్ల జరిగిందేమిటో చూస్తే చాలు. అమలాపురానికీ కాకినాడకూ సూటిగా కొలిస్తే 50 కిలోమీటర్లు. పంటు ఆగిపోయిన రోజున రావులపాలెం చుట్టి వెళితే 100కు దగ్గర. వంతెన మీదుగా ఇప్పుడు 60 పైచిలుకు. కాకినాడ పెద్దాసుపత్రికి పోవలసిన బాలింతకు ఈ తేడా ఎంతటిదో ఏ విమానాల పట్టికా చెప్పదు.

జిల్లాకేంద్రం కూడా 2022 ఏప్రిల్ 4న కాకినాడనుంచి అమలాపురానికి వచ్చింది. అర్జీ పట్టుకుని రెండు నదులు దాటవలసిన పని రాజోలువాడికి ఒక నది దగ్గరే ఆగింది. సంతోషించాం. మరి 50 రోజులకే, మే 24న, ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టవద్దంటూ అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు సీమంతా ఇంటర్నెట్ ఆపేశారు. వూరికీ పేటకూ మధ్య నది ఎక్కడా అడ్డులేదు. నడిచిపోతే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల దూరం ఎన్ని వంతెనలు కట్టినా తరగకపోవడం మా తరం కళ్ళారా చూసింది. తరగతిలో నా ముందు రెండు వైపుల పిల్లలూ కూర్చుంటారు. ఆ వారం పాఠం చెప్పడానికి నాకు నోరు పెగలలేదు.

విమానం గురించి మొదలుపెట్టాను గనక అక్కడికే వస్తాను. కోనసీమ పేదల్లో విమానం ముందుగా ఎవరెక్కారని అడిగితే, నా లెక్కలో వారు ఆడవాళ్ళు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి కువైటు, మస్కటు, దుబాయి ఇళ్ళల్లో పనికి వెళ్ళినవారు. హైదరాబాదు సరిగా చూడనివారు హైదరాబాదు మీదుగా వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్ళారు. హైదరాబాదు నుంచి కువైటుకు దాదాపు ఐదుగంటలు. ఆ ఐదుగంటల టిక్కెట్టు కోసం చేసిన అప్పు తీరడానికి రెండేళ్ళ చాకిరీ. వీరాస్వామయ్య బోయీలను తలచుకున్నాను గదా. ఇక్కడ మోసేవారే ప్రయాణికులు. విమానంలో కూర్చున్నా, ఆ దూరం వారి భుజాలమీదే వుంది.

మా వీధిలో ఒకావిడ అలా పదకొండేళ్ళు వుండి వచ్చింది. వచ్చింది ఆగస్టులో. కువైటులో సాయంత్రం ఎక్కి తెల్లవారకముందే శంషాబాదులో దిగింది. ఆ రాత్రికి రైలెక్కి మర్నాడు పొద్దున్నే నరసాపురం చేరింది. ఆటోలో రేవుకు వచ్చింది. వసిష్ఠ అవతల సఖినేటిపల్లి కనబడుతోంది. అవతలి గట్టుమీద తమ్ముడు సైకిలు పట్టుకుని నిలబడటం కూడా కనబడిందట. వరద. పంటు కట్టేశారు. పంటు తిరిగే రోజుల్లో పావుగంటలో దాటే నది అది. చించినాడ వంతెనమీదుగా చుట్టి వెళితే 30 కిలోమీటర్ల పైమాటే. వంతెన వస్తుందన్న మాట నా చిన్నప్పటినుంచీ వింటున్నాను.

"ఏం చేశావక్కా?" అన్నాను.

"ఏం చేత్తాను తమ్ముడూ, పెట్టెమీద కూకున్నాను. ఆడు అటేపు, నేను ఇటేపు. అరిత్తే ఇనబడదు. ఫోనుంది గదా, ఫోన్లో మాటాడుకున్నాం. కువైట్నించి కూడా అలాగే మాటాడేదాన్ని."

రెండు గంటలు చూసి, చివరికి ఆటో కట్టించుకుని పాలకొల్లుమీదుగా తిరిగివచ్చింది. ఆటోవాడు ఎంత తీసుకున్నాడో నాకు రెండుసార్లు చెప్పింది. విమానం టిక్కెట్టు ఎంతయిందో అడిగితే మాత్రం గుర్తులేదంది.